పది రూపాయల్లో ఇల్లు మారిన వైనం

ఇల్లు మారడం లోకంలో రెండు విధాలు. ఖర్చు ఎంతవుతుందో తెలియక మారడం ఒకటి, ఖర్చంతా ముందే లెక్క వేసుకుని మారడం రెండోది. రెండోదానికి ఖర్చు ఎక్కువ. ఈ విషయంలో ధర్మవరం పట్టణంలో ఎవరికీ వేరే అభిప్రాయం లేదు, ఒక్క శ్రీరంగప్పకు తప్ప. ఆయనకు కూడా పందొమ్మిది వందల డెబ్బైల్లో ఒక శ్రావణమాసం దాకానే.

శ్రీరంగప్ప పట్టుచీరలు నేస్తాడు. సొంత మగ్గం, అద్దె ఇల్లు. ఆ ఊళ్ళో ఇది చెప్పుకోదగ్గ హోదా. సొంత మగ్గం లేనివాడు ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి మగ్గం మీద కూలికి కూర్చోవాలి. కూలికి నేసేవాడు దగ్గు వచ్చినా ముందు షావుకారు వైపు ఒకసారి చూసి, తర్వాత దగ్గుతాడు. శ్రీరంగప్ప ఎవరి వైపూ చూడకుండా దగ్గేవాడు. వాళ్ళ నాయన ఆయనకు ఇచ్చిపోయిన ఆస్తి మొత్తం ఆ మగ్గమూ, ఆ దగ్గే.

ఆయనకు ఇంకో గొప్ప ఉంది. నోటిలెక్క. మగ్గం మీద అడ్డపోగు మోసుకుపోయే నాడె కుడి నుంచి ఎడమకు పోతే కూడిక, ఎడమ నుంచి కుడికి వస్తే తీసివేత. కాగితం ముట్టడు. కాగితం మీద లెక్క వేసేవాడికి లెక్క రాదని ఆయన సిద్ధాంతం. (ఈ సిద్ధాంతానికి వీధిలో ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఎదురు చెబితే ఆయన మళ్ళీ మొదటి నుంచి వివరిస్తాడు.)

జ్యేష్ఠమాసంలో ఒకరోజు ఇంటి యజమాని ఈశ్వరప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు. ధరలు మండిపోతున్నాయన్నాడు. బెల్లం ధర చూడమన్నాడు, చింతపండు ధర చూడమన్నాడు. చూడమని చెప్పి ముప్పై రూపాయల అద్దెను ముప్పై అయిదు చేసి పోయాడు. (ఈశ్వరప్పకు చక్కెర జబ్బు. ఆ ఇంట్లో బెల్లం తిని ఆరేళ్ళయింది.) పన్నెండేళ్ళుగా ఒక్క నెల కూడా అద్దె బాకీ పెట్టని మనిషి శ్రీరంగప్ప. ఆయనకు అయిదు రూపాయల కంటే ఆ బెల్లం మాట ఎక్కువ మండింది. ఆ సాయంత్రం దాకా నాడె విసిరి విసిరి, దీపాలవేళకు భార్య సుబ్బరత్నమ్మను పిలిచి, మనం ఇల్లు మారుతున్నామని ప్రకటించాడు.

రెండు వీధుల అవతల తిమ్మమ్మ అనే ఆమె ఉండేది. ఇంటి వెనక భాగంలో తానుండి, ముందు భాగం అద్దెకిచ్చేది. అంతకుముందు ఆ ముందు భాగంలో ఒక పంతులు ఉండి కళ్యాణదుర్గానికి బదిలీ అయిపోయాడు. అద్దె ముప్పై. శ్రీరంగప్ప పోయి చూసి వచ్చాడు. గోడలు బాగున్నాయి, దూలాలు బాగున్నాయి, అన్నిటికంటే నేల బాగుంది, అరచేతిలా చదునుగా, ఎక్కడా గుంత అనేది లేకుండా ఉంది అని మురిసిపోయాడు. నేతపని చేసేవాడు ఆ నేలను చూసి ఏడవాలి. ఈయన మెచ్చుకున్నాడు.

మగ్గం ముందు కూర్చుని, కాళ్ళు మగ్గం కింది గుంతలోకి వేలాడేసి, శ్రీరంగప్ప లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. రెండు వీధులే కాబట్టి ఒక్క ఎద్దులబండి, ఒకే తిప్పు. అయిదు రూపాయలు. కొత్తింట్లో పాలు పొంగించాలి. పాలు, చక్కెర, కర్పూరం, ఒక టెంకాయ, గుమ్మానికి కట్టే గుమ్మడికాయ. అన్నీ కలిపి అయిదు రూపాయలు. తిమ్మమ్మ రెండు నెలల అద్దె అడ్వాన్సు అడుగుతుంది. ఈశ్వరప్ప దగ్గర మనది రెండు నెలల అడ్వాన్సు ఉంది. ఇక్కడ తీసుకుని అక్కడ ఇస్తాం. అది ఖర్చు కిందికి రాదు, దుడ్లు కూడా మనతోపాటు వీధి మారుతాయి, అంతే. మొత్తం ఖర్చు పది. నెలకు అయిదు మిగులు. రెండు నెలల్లో పది తిరిగి వస్తుంది. మూడో నెల నుంచి మనం బతికున్నంత కాలం లాభమే.

సుబ్బరత్నమ్మ కండెలకు పట్టు చుడుతూ అంతా విన్నది. ఆమెకు భర్త లెక్క మీద నమ్మకం ఉంది. ఆ లెక్కలో ఎప్పుడూ ఏదో ఒకటి తప్పిపోతుందన్నదే ఆ నమ్మకం.

"ఏదీ మర్సిపోలేదు గదా?" అంది.

"ఇంట్లో కనపడేదంతా ఏసినా" అన్నాడు శ్రీరంగప్ప, ఇల్లంతా కలయజూసి.

ఆయన అబద్ధం చెప్పలేదు. కనపడేదంతా వేశాడు. కనపడనిది ఆయన కాళ్ళ కింద ఉంది. చిన్నప్పటి నుంచి రోజంతా కాళ్ళు పెట్టుకుని కూర్చునే గుంత నేతవాడికి ఒక వస్తువుగా కనపడదు. మన మోకాలి చిప్ప మనకు ఎలా గుర్తుండదో అదీ అలాగే. మగ్గం విప్పి బండిలో వేసుకోవచ్చు. గుంతను మాత్రం ఈ ఇంట్లో పూడ్చి, ఆ ఇంట్లో తవ్వాలి.

తిమ్మమ్మకు బయానా ఇచ్చేసిన మర్నాడే ఆషాఢం వచ్చింది. ఆషాఢం శూన్యమాసం. శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు. కానీ ఇంటి అద్దెకు శూన్యమాసం లేదని తిమ్మమ్మ వివరించింది. బయానా పుచ్చుకున్న రోజు నుంచి ఇల్లు శ్రీరంగప్పదే అయినప్పుడు, ఆయన రాకపోవడం ఆయన ఇష్టమనీ, ఇల్లు మాత్రం తన బాధ్యతగా అక్కడే ఉంటుందనీ చెప్పింది. అందువల్ల ఆ నెల శ్రీరంగప్ప ఒక ఇంట్లో ఉండి రెండు ఇళ్ళకు అద్దె కట్టాడు. రోజూ సాయంత్రం పోయి ఖాళీ ఇంటి తాళం తీసి కాసేపు కూర్చుని వచ్చేవాడు. ముప్పై రూపాయలకు ఆ మాత్రం కూర్చోకపోతే ఎట్లా అని ఆయన బాధ.

అలా కూర్చున్న ఒక సాయంత్రమే, కాళ్ళు చాపుకుంటే నేల తగిలింది. ఇంకెక్కడో వేలాడాల్సిన కాళ్ళు నేలకు ఆనుకుని ఉండటం చూసి శ్రీరంగప్ప చాలాసేపు ఆలోచించాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తినేటప్పుడు ఆమే అడిగింది.

"గుంత జ్ఞాపకమొచ్చినట్టుండాదే?"

"నీకు ముందే తెలుసా?"

"నువ్వు లెక్కేసేటప్పుడే తెలుసు. మద్యలో పలకరిస్తే లెక్క తప్పుతాదంటివి గదా, అందుకే గమ్మునుంటి."

ఇక్కడ సంఘం గురించి చెప్పాలి. పట్టు నూలు ఇచ్చి, నేసిన చీర తీసుకుని, కూలి లెక్కగట్టే సహకార సంఘం ఒకటుంది. ఆ సంఘానికి నియమాలున్నాయి. అందులో అందరూ భయపడేది పద్నాలుగో నియమం. ప్రతి నెలా మొదటి తేదీన సంఘం తనిఖీదారు ప్రతి మగ్గాన్నీ దాని చిరునామాలో, దాని గుంతలో, నడుస్తూండగా చూడాలి. అట్లా కనపడని మగ్గం పేరు కొట్టేస్తారు. పేరు పోతే నూలు రాదు. మగ్గం మీద సగం నేసిన చీర ఉన్నా కోసి తీసుకుపోతారు. నూలు రాని సొంత మగ్గం ఇంట్లో ఉన్న కట్టెలతో సమానం. ఇంక శ్రీరంగప్ప షావుకారు ఇంట్లో కూలికి కూర్చుని, దగ్గేముందు పక్కకు చూడటం నేర్చుకోవాలి. ఆయన వయసుకు అది కొత్తగా నేర్చుకునే విద్య కాదు.

ఒకటో తేదీ దాటి పాత ఇంట్లో ఉంటే ఇంకో నెల రెండు అద్దెలు పడతాయి, కాబట్టి ఆ లోపలే కొత్తింట్లో గుంత తవ్వాలి. తిమ్మమ్మ దానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు అయిదు రూపాయలు పుచ్చుకుంది. (దీనికి భూమి శాంతి అని పేరు పెట్టింది. భూమికి ఎంత చేరిందో తెలియదు.) అయితే శూన్యమాసంలో మన్ను తవ్వకూడదు కాబట్టి శ్రావణం వచ్చేదాకా ఆగమంది. శ్రావణం వచ్చి నాలుగు రోజులైతే ఒకటో తేదీ. అది శుక్రవారం కూడా.

గడ్డపార పట్టుకుని వచ్చిన కూలివాడు జానెడు లోతు తవ్వి ఆగిపోయాడు. రాయి తగిలింది. అనంతపురం జిల్లాలో జానెడు తవ్వితే రాయి తగలడం వింత కాదు, తగలకపోతేనే వింత. మన్ను తవ్వడానికి మాట్లాడుకున్న కూలి వేరు, రాయి కొట్టడానికి వేరు. రాయి కొట్టేవాడు సుత్తీ ఉలీ తీసుకుని వచ్చి రెండు రోజులు కొట్టి, కుడి పక్కన ఒక మూల మాత్రం ఎంతకీ రాకపోతే, ఆ మూల అట్లాగే వదిలేశాడు. కుడికాలు దానిమీద పెట్టుకోండి, హాయిగా ఉంటుంది అని సలహా ఇచ్చాడు. సలహాకు విడిగా తీసుకోలేదు.

ఇక ఈశ్వరప్ప సంగతి. ఖాళీ చేస్తామని చెప్పగానే ఆయన ఇల్లంతా తిరిగి చూశాడు. వంటింటి గోడకు పన్నెండేళ్ళ పొగ ఉంది. సున్నం కొట్టించాలి. గోడలకు మేకులున్నాయి. మేకులు పీకితే గోడకు బొక్కలు పడతాయి, పీకకపోతే తన గోడలో పరాయి మేకులుంటాయి. బాగా ఆలోచించి, మేకులు అట్లాగే ఉంచి, వాటికి కూడా సున్నం కొట్టించమన్నాడు. చివరికి మగ్గం దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఈ గుంత ఎవురు తవ్వినారప్పా?"

"నేనే తవ్విస్తినన్నా. నువ్వు గూడా ఉంటివి."

"ఉంటిని. అందుకే అడుగుతాండా. నువ్వే పూడ్సాల."

తవ్విన మన్ను పన్నెండేళ్ళ కిందట వీధిలో పోశారు. ఆషాఢం గాలి ఒక్కటి చాలు దాన్ని తీసుకుపోవడానికి. పన్నెండు ఆషాఢాలు పోయాయి. ఆ మన్ను ఇప్పుడు ఏ ఊళ్ళో ఎవరి పొలంలో ఉందో ఎవరు చెప్పగలరు? శ్రీరంగప్పకు ఒక చక్కటి ఆలోచన వచ్చింది. అక్కడ తిమ్మమ్మ ఇంట్లో తవ్విన మన్ను గుట్టగా పడి ఉంది. ఇక్కడ అంతే గుంత పూడ్చాలి. ఆ మన్ను తెచ్చి ఈ గుంతలో పోస్తే సరి. ఒక లెక్క ఇంత అందంగా కుదరడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఆ సంతోషంలో పరుగులాంటి నడకతో తిమ్మమ్మ దగ్గరికి పోయాడు.

తిమ్మమ్మ విని చెవులు మూసుకుంది. ఇంటి మన్ను బయటికి పోతే లక్ష్మి దాని వెంటే పోతుందని, అందులోనూ ఈశ్వరప్ప ఇంటికి పోతుందంటే తాను బతికుండగా జరగదని చెప్పింది. ఈశ్వరప్ప కూడా విని, పరాయి ఇంటి మన్ను తన ఇంట్లో పోస్తే ఆ ఇంటి అరిష్టాలన్నీ వస్తాయన్నాడు. ఒకే మన్నులో ఒకరికి లక్ష్మి కనపడింది, ఇంకొకరికి అరిష్టం కనపడింది. శ్రీరంగప్పకు మన్నే కనపడింది. చివరికి ఊరి చెరువు నుంచి మన్ను తోలించాడు. చెరువులో నీళ్ళు లేక మూడేళ్ళు కావడం వల్ల మన్నుకు మాత్రం లోటు లేకపోయింది.

అడ్వాన్సు అరవై రూపాయలు అడిగితే ఈశ్వరప్ప తొందరపడవద్దన్నాడు. పూడ్చిన గుంత అణగాలి. అణిగిందో లేదో ఒక వానాకాలం పోతే తెలుస్తుంది. వానాకాలం పోయిన మర్నాడే వచ్చి తీసుకోమన్నాడు. ఆ మూడేళ్ళలో వానాకాలం ధర్మవరం వైపు రాలేదు కాబట్టి, అది పోవడమెప్పుడో శ్రీరంగప్ప లెక్కకు అందలేదు. కానీ తిమ్మమ్మ అడ్వాన్సుకు వానతో పనిలేదు, అది ముందే ఇవ్వాలి. సుబ్బరత్నమ్మ తాను కడుతున్న చీటీని పన్నెండు రూపాయలు తగ్గించి పాడుకుని, ఆ దుడ్లు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏదైనా అనుంటే ఆయనకు కాస్త సుఖంగా ఉండేది.

ఇక మిగిలింది బయలుదేరడమే. ఇక్కడ కూడా చిన్న చిక్కు వచ్చింది. శ్రావణ శుక్రవారం నాడు కొత్తింట్లో అడుగు పెట్టాలి, మంచిదని తిమ్మమ్మ పట్టు. శ్రావణ శుక్రవారం నాడు తన ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి పోకూడదని ఈశ్వరప్ప పట్టు. ఇద్దరిదీ ఒకే లక్ష్మి, ఒకే పంచాంగం. కాబట్టి గురువారం పొద్దు మునిగేలోపు ఇల్లు ఖాళీ చేయాలి, శుక్రవారం పొద్దున పది తర్వాత, రాహుకాలం రాకముందే ఇంట్లోకి పోవాలి. మధ్యలో సంసారం ఎక్కడుండాలో రెండు పక్షాలూ చెప్పలేదు. అది వీధిలో ఉండింది.

బండి తోలే ఆదెన్న ఎద్దులను విప్పుకుని ఇంటికి పోయాడు. బండి మాత్రం తిమ్మమ్మ ఇంటి ముందు, సామాన్లతో, కాడి కింద రాయి పెట్టి నిలబడి ఉంది. ఎద్దులకు సెలవే కానీ బండి డ్యూటీలో ఉంది కాబట్టి దానికి రాత్రి కూలి మూడు రూపాయలన్నాడు. మగ్గం కర్రలు, పోగులు దూర్చే అచ్చు, సగం నేసిన చీరతో సహా చుట్టిన నిలువు పోగుల పడుగు, అన్నిటినీ దుప్పట్లో చుట్టి బండి మీద పెట్టి, శ్రీరంగప్ప పక్కన కూర్చుని తెల్లవార్లూ కాపలా కాశాడు.

తెల్లవారింది. పాలు పొంగించే వేళ ఇంకా కాలేదు. అప్పుడు వచ్చాడు సంఘం తనిఖీదారు హనుమంతప్ప.

హనుమంతప్ప చెడ్డవాడు కాదు. నియమాలు చదివినవాడు, అంతే. ముందు ఈశ్వరప్ప ఇంటికి పోయాడట. అక్కడ చిరునామా ఉంది, గుంత లేదు. ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ గుంత ఉంది, చిరునామా లేదు, గుంతలో మగ్గం లేదు. మగ్గం బండి మీద ఉంది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ కప్పాడు.

"ఇది మగ్గం గాదప్పా. కట్టెలు" అన్నాడు మెల్లగా. "గుంతలో నిలబడితేనే మగ్గం. పద్నాలుగో నియమం."

శ్రీరంగప్ప చేతులు జోడించాడు. ఒక్క పూట, పది గంటలు దాటితే ఇంట్లోకి పోతామని బతిమాలాడు. ఈయన ఎప్పుడూ ఎవరినీ బతిమాలినవాడు కాదు కాబట్టి సరిగ్గా చేతకాలేదు, మధ్యలో లెక్కల్లోకి పోయాడు. చెరువు మన్ను ఎంత, రాయి కూలి ఎంత అని చెప్పుకొచ్చాడు. హనుమంతప్ప ఓపికగా విన్నాడు. చిరునామా గడిలో ఏం రాయాలో తనకు తెలియడం లేదనీ, ఎద్దులబండి అని రాస్తే పైవాళ్ళు అది ఏ వీధి అని అడుగుతారనీ తన బాధ తాను చెప్పుకున్నాడు. అప్పుడు సుబ్బరత్నమ్మ బండి దిగి ముందుకొచ్చింది.

"సారూ, ఒకటో తేదీ ఎప్పటిదాకా ఉంటాది?"

హనుమంతప్ప ఆలోచించాడు. నియమంలో తేదీ ఉంది కానీ గంట లేదు. దీపాలవేళ దాకా ఒకటో తేదీయేనని ఒప్పుకున్నాడు. మగ్గం కళ్ళతో చూడకపోయినా సరే, నాడె చప్పుడు చెవులారా వింటే చాలన్నాడు. వీధి చివర టీ కొట్లో కూర్చుంటానన్నాడు. (టీ, బొరుగులు, మిరపకాయ బజ్జీలు శ్రీరంగప్ప ఖాతాలో.)

పది దాటింది. పాలు పొంగాయి. గుమ్మడికాయ కట్టారు. సామాన్లు దించబోతే లోపల చోటు లేదు. గుంత తవ్విన మన్నూ రాళ్ళూ గది నిండా గుట్టగా ఉన్నాయి. మగ్గం నిలబెట్టాల్సిన చోటు, పడుగు సాచాల్సిన చోటు, అంతా మన్నే. శ్రీరంగప్ప గంప పట్టుకుని మన్ను ఎత్తాడో లేదో తిమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈరోజు శుక్రవారం, శ్రావణ శుక్రవారం, ఈ గడప దాటి పిడికెడు మన్ను కూడా పోదు అంది. రేపు తీసుకుపో, ఎల్లుండి తీసుకుపో, గంపకు పావలా చొప్పున తీసుకుపో అంది.

గంప కింద పడేసి శ్రీరంగప్ప ఆ మన్ను గుట్ట మీదే కూలబడ్డాడు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. అయిదు రూపాయలు ఎక్కువ అడిగినందుకు పౌరుషానికి పోయి, నాయన ఇచ్చిన మగ్గాన్ని కట్టెలు చేసుకున్నాను కదా అనిపించింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. రేపటి నుంచి ఏ షావుకారు ఇంట్లో కూర్చోవాలా అని కూడా ఆయన మనసు అప్పుడే వెతకడం మొదలుపెట్టింది.

సుబ్బరత్నమ్మ ఆయన వైపు చూసింది, మన్ను వైపు చూసింది, తిమ్మమ్మ వైపు చూసింది.

"తిమ్మక్కా, మన్ను బయటికి పోగూడదు, అంతే గదా? ఇంట్లో ఇంకో పక్కకు పోవచ్చునా?"

ఇంట్లో ఎక్కడికైనా పోవచ్చునని తిమ్మమ్మ ఒప్పుకుంది. దానికి ఆమె దగ్గర నియమం లేదు. సుబ్బరత్నమ్మ కొంగు బిగించి, రాళ్ళను గోడ వెంబడి వరసగా పేర్చి, వాటి వెనక మన్ను పోసి, నీళ్ళు చల్లి తొక్కి, పైన పేడ అలికింది. వీధిలో నేతపనివాళ్ళు నలుగురు తమ మగ్గాలు ఆపి వచ్చి చెయ్యి వేశారు. రెండు మూడు గంటల్లో గోడ పొడుగునా మోకాలెత్తు అరుగు తయారైంది. గది ఖాళీ అయింది. తిమ్మమ్మ వచ్చి ఆ అరుగు మీద కూర్చుని చూసి, బాగుందని కూడా అంది.

తర్వాత మగ్గం కర్రలు నాటారు. పడుగు సాచి బిగించారు. తెగిన పోగులు కొన్ని అతికారు, కొన్ని రేపటికి వదిలారు. పొద్దు వాలింది. వీధిలో దీపాలు వెలిగించడం మొదలైంది. హనుమంతప్ప టీ కొట్లోంచి లేచి, తువ్వాలు దులుపుకుని, నిదానంగా నడుచుకుంటూ వచ్చాడు. శ్రీరంగప్ప గుంతలోకి కాళ్ళు దించాడు. కుడికాలు రాయి మీద ఆనింది. నిజంగానే హాయిగా ఉంది. నాడె విసిరాడు. టక్కుమంది. ఇంకోసారి విసిరాడు. హనుమంతప్ప గడప బయటే నిలబడి విని, తల ఊపి, చిరునామా మార్చి, నడుస్తున్నది అని రాసుకుని పోయాడు.

శ్రీరంగప్పకు కళ్ళు చెమర్చాయి. పెద్దగా దగ్గు వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా దగ్గాడు.

ఆ రాత్రి ఖర్చంతా కూడితే నూరు రూపాయలకు కొంచెం అటూ ఇటూగా తేలింది. ఈశ్వరప్ప దగ్గర వాన కోసం కాచుకున్న అరవై దీనిలో చేరలేదు. శ్రీరంగప్ప చాలాసేపు పైకప్పు చూసి, తన లెక్కలో తప్పు ఒక్క సున్నానే అనీ, సున్నా అంటే ఏమీ లేనిదే కాబట్టి మొత్తం మీద లెక్క సరిగ్గానే వచ్చిందనీ తీర్మానించాడు. సుబ్బరత్నమ్మ అటు తిరిగి పడుకుంది.

నెల తిరిగింది. తిమ్మమ్మ అద్దెకు వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇల్లంతా తృప్తిగా చూసింది. పంతులున్నప్పుడు ఇది ఉత్త ఇల్లు అంది. అప్పుడు అద్దె ముప్పై. ఇప్పుడు మగ్గం గుంత ఉంది, కాలు పెట్టుకోవడానికి రాతిమెట్టు ఉంది, కూర్చోవడానికి అరుగు ఉంది. ఇన్ని వసతులున్న ఇంటికి ఈ వీధిలో ముప్పై అయిదుకు తక్కువ ఎవరూ ఇవ్వడం లేదు అంది. ఆ వసతులన్నీ ఎవరు చేయించారని శ్రీరంగప్ప అడిగాడు. ఎవరు చేయించినా ఉన్నది నా ఇంట్లోనే కదా అని తిమ్మమ్మ న్యాయంగానే చెప్పింది. లక్ష్మి బయటికి పోకుండా ఎంత జాగ్రత్తపడిందో అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే ఈశ్వరప్ప కనపడ్డాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ఇల్లు ఖాళీగానే ఉందట. గుంత లేని ఇంట్లోకి నేతపనివాడు రాడు, నేతపని చేయనివాడు ఆ వీధికి రాడు. సున్నం కొట్టిన మేకులు మాత్రం మెరుస్తున్నాయట. అందుకని అద్దె తగ్గించేశాడు.

"ముప్పై ఇయ్యప్పా చాలు. పాత మనిసివి. గుంత మాత్రం నువ్వే తవ్వుకోవాల."

శ్రీరంగప్ప ఇంటికి వచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు. నాడె కుడి నుంచి ఎడమకు పోయింది, ఎడమ నుంచి కుడికి వచ్చింది. ఇక్కడ ముప్పై అయిదు, అక్కడ ముప్పై. నెలకు అయిదు మిగులు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు సుబ్బరత్నమ్మకు బాగా తెలుసు. కండె చుట్టడం ఆపింది.

"పోదాం పా" అంది. "అయితే ఈతూరి ఈ గుంతను గూడా బండ్లో ఏసుకొని పోదాం."

ఆమె ఎగతాళికి అంది. శ్రీరంగప్ప మాత్రం నాడె కింద పెట్టి ఆలోచించాడు. తవ్వే కూలి లేదు, రాయి కూలి లేదు, పూడ్చే పని లేదు, చెరువు మన్ను లేదు. అంతకంటే మంచి లెక్క ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. వీధిలోకి పోయి, ఎద్దులకు గడ్డి వేస్తున్న ఆదెన్నను పక్కకు పిలిచి, మగ్గం గుంతను రెండు వీధుల అవతలికి తోలడానికి ఎంత తీసుకుంటావని అడిగాడు.

ఆదెన్న నవ్వలేదు. గుంతలో ఏమైనా ఉందా, ఖాళీదేనా అని అడిగాడు. ఖాళీదే, బరువే ఉండదు అన్నాడు శ్రీరంగప్ప.

"ఖాళీదైనా బండ్లో జాగా పడతాది గదన్నా" అన్నాడు ఆదెన్న. "అయిదు రూపాయలు."

శ్రీరంగప్ప ఆ అయిదు రూపాయలు లెక్కలో కలుపుకున్నాడు.